వీడియో ఆటలలో స్త్రీ: అంగడి అరల చరిత్ర

వీడియో ఆటల్లో ఆడవాళ్ళను చూపించే తీరు గురించి ఎవరు మాట్లాడినా వెంటనే వినిపించే సమాధానం ఒకటుంది. "ఆడేది మగపిల్లలు. వాళ్ళకేది కావాలో కంపెనీలు అదే తయారుచేస్తాయి. ఇందులో తప్పేముంది?" అని. ఈ మాట అనేవాళ్ళందరూ స్త్రీ ద్వేషులేమీ కారు. చాలామంది నిజంగానే అలా నమ్ముతున్నారు. వానాకాలంలో వాన పడుతుంది, మగపిల్లలు వీడియో ఆటలు ఆడతారు అన్నంత మామూలుగా చెబుతారు.

ప్రకృతి సహజమని మనకు చెప్పే చాలా విషయాలకు చరిత్ర ఉంటుంది. ఈ విషయానికున్న చరిత్ర మరీ పాతది కూడా కాదు. యాభై అయిదేళ్ళకు మించదు, తేదీలతో సహా దొరుకుతుంది. ఆ తేదీలను వరసగా పెట్టి చూస్తే పై సమాధానం తలకిందులుగా ఉందని తెలుస్తుంది. కొనేవాడు మగపిల్లవాడేనని అమ్మేవాళ్ళు ముందు నిర్ణయించారు. తెర మీది స్త్రీ బొమ్మ ఆ నిర్ణయం వెంబడి వచ్చింది.

1971లో అమెరికాలో నటింగ్ అసోసియేట్స్ అనే కంపెనీ 'కంప్యూటర్ స్పేస్' అనే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. నాణెం వేసి ఆడే వీడియో ఆటల్లో వ్యాపారానికి వచ్చిన మొదటి యంత్రం అదే. తెర మీద ఉన్నవల్లా ఒక రాకెట్టు, ఎగిరే పళ్ళేలు, చుక్కలు. ఆడా లేదు, మగా లేదు. కాని యంత్రం కొనమని అంచిన ప్రచార పత్రంలో యంత్రం పక్కన పల్చటి రాత్రి దుస్తుల్లో ఒక యువతి నిలబడి ఉంది. అంటే ఆటలోకి స్త్రీ ఇంకా రాకముందే అమ్మకంలోకి వచ్చేసింది! 1973లో అటారి కంపెనీ 'గాచా' అనే ఆట తెచ్చింది. చిక్కుదారుల్లో ఒకరినొకరు తరుముకునే ఆట. అందులో జాయ్‌స్టిక్ ఉండవలసిన చోట గులాబి రంగు రబ్బరు గుబ్బలు పెట్టారు. అవి దేనికి సంకేతమో ఆడేవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఈ ఆటలోనూ తెర మీద ఆడమనిషి లేదు. ఆమె శరీరం మాత్రం పిడి అయిపోయింది.

ఇదే కాలంలో ఆ యంత్రాలను తయారుచేస్తున్న చేతులెవరివి? కాలిఫోర్నియాలో సిలికాన్ వ్యాలీ అని పేరుపడ్డ ప్రాంతంలో ఎలక్ట్రానిక్ పరికరాల కూర్పు పనిలో ఉన్నవాళ్ళు అత్యధికం ఆడవాళ్ళు. అందులోనూ వలస వచ్చిన కుటుంబాల వాళ్ళు ఎక్కువ. సన్నటి తీగలను ఓపికగా అతకటానికి ఆడవాళ్ళ వేళ్ళే పనికొస్తాయని యజమానులు చెప్పేవారు. తక్కువ కూలికి పనికొస్తారన్నది చెప్పని భాగం. 1983 ఫిబ్రవరిలో అటారి తన తయారీ పనిని హాంకాంగ్, తైవాన్‌లకు తరలిస్తున్నానని ప్రకటించి, కాలిఫోర్నియాలో 1700 ఉద్యోగాలు తీసేసింది. తక్కువ కూలి వెతుక్కుంటూ సముద్రం దాటింది. వీడియో ఆటల చరిత్ర పుస్తకాల్లో ఈ 1700 మంది గురించి ఒక వాక్యం ఉంటే గొప్ప.

ఆటలను రాసినవాళ్ళలోనూ మొదటినుంచీ స్త్రీలున్నారు. రోబెర్టా విలియమ్స్ 1980లో 'మిస్టరీ హౌస్' అనే ఆటను రూపొందించింది. భర్త కెన్ ప్రోగ్రాము రాశాడు, ఆమె కథా బొమ్మలూ చేసింది. ఇంటి కంప్యూటరు మీద ఆడే కథల ఆటకు బొమ్మలు జోడించిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. 1981లో అటారి నుంచి వచ్చి అమెరికా అంతటా ఆడిన 'సెంటిపీడ్' రూపకర్తల్లో డోనా బెయిలీ ఒకరు. నాణెం యంత్రాల విభాగంలో ఆమె ఒక్కతే మహిళా ప్రోగ్రామరు. కొద్దికాలానికే ఆ పరిశ్రమనే వదిలి వెళ్ళిపోయింది. 1982లో 'రివర్ రెయిడ్' రాసిన కేరల్ షా అంతకుముందు అటారిలో పనిచేసేది. అప్పుడు జరిగిన ఒక సంగతి ఆమె తరువాత చెప్పింది. కంపెనీ అధ్యక్షుడు ప్రయోగశాల చూడటానికి వచ్చి, మనకొక ఆడ రూపకర్త దొరికింది గనుక ఇక ముఖాలంకరణ రంగులు కలిపే ఆటలూ, ఇల్లు సర్దుకునే ఆటలూ చేయించవచ్చునని సంతోషించాడట! కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ శాస్త్రం చదువుకున్న మనిషిని పక్కన పెట్టుకుని ఆయనకు తోచింది అది. ఆమె చేసింది మాత్రం యుద్ధవిమానం నది మీదుగా ఎగిరే ఆట.

ఆ తొలి సంవత్సరాల్లో మార్కెట్టు ఇంకా తలుపులు మూసుకోలేదని కూడా చెప్పాలి. జపానులో నాంకో కంపెనీకి చెందిన తోరు ఇవతాని 1980లో 'ప్యాక్-మ్యాన్' రూపొందించినప్పుడు, ఆటల గదులకు ఆడవాళ్ళూ జంటలూ కూడా రావాలన్న ఉద్దేశంతోనే కాల్పుల బదులు తినటాన్ని ఆటగా తీసుకున్నాడు. (ఆడవాళ్ళకు తిండి అంటే ఇష్టమన్న ఊహ కూడా ఒక మూస అభిప్రాయమే. కాని కనీసం వాళ్ళు వస్తే బాగుండునని అనుకున్నాడు.) ఆడవాళ్ళు వచ్చారు. అది చూసి అమెరికాలో మిడ్‌వే కంపెనీ 1982లో 'మిజ్ ప్యాక్-మ్యాన్' విడుదల చేసింది. పసుపు గుండ్రానికి పెదవి రంగూ, తలమీద రిబ్బనూ, బుగ్గమీద పుట్టుమచ్చా పెట్టారు. లక్షకు పైగా యంత్రాలు అమ్ముడుపోయాయి. పేరు విషయంలో జరిగిన తర్జనభర్జన మన పాఠకులకు ఆసక్తి కలిగిస్తుంది. ముందు 'మిస్' అనుకున్నారు. ఆట మధ్యలో వచ్చే మూడో దృశ్యంలో కొంగ ఒక పసిబిడ్డను తెచ్చి ఇస్తుంది. పెళ్ళి కాకుండా బిడ్డా అని సందేహం వచ్చింది. 'మిసెస్' అనుకున్నారు. చివరకు పెళ్ళి సంగతి చెప్పకుండా దాటవేసే 'మిజ్' ఖాయమైంది. 1970లలో అమెరికా మహిళా ఉద్యమం పోరాడి వాడుకలోకి తెచ్చిన మాట అది. కంపెనీకి అది తలనొప్పి తప్పించే మాటగా ఉపయోగపడింది.

అదే 1982లో ఇంకో మొఖం బయటపడింది. 'కస్టర్స్ రివెంజ్' అనే ఆటను అటారి యంత్రం మీద ఆడటానికి మిస్టిక్ అనే పేరుతో ఒక కంపెనీ అమ్మింది. జార్జ్ కస్టర్ అంటే 1876లో ఆదివాసులైన లకోటా, షాయెన్ యోధుల చేతిలో ఓడి చనిపోయిన అమెరికా సైనికాధికారి. ఆటలో అతను బాణాలు తప్పించుకుంటూ వెళ్ళి, కంబానికి కట్టివేసి ఉన్న ఆదివాసీ స్త్రీ మీద అత్యాచారం చేస్తాడు. చేసినన్నిసార్లు మార్కులు. యుద్ధంలో ఓడినవాడికి వందేళ్ళ తరువాత ఆటలో ఇచ్చిన గెలుపు ఇది. గెలుచుకున్న భూమికి బదులు ఆ భూమి మనుషుల్లో ఒక స్త్రీ శరీరం! న్యూయార్కులో మహిళా సంఘాలూ, ఆదివాసీ సంఘాలూ కలిసి నిరసన ప్రదర్శన చేశాయి. అటారి కూడా కోర్టుకెక్కింది, తన యంత్రం పేరు చెడుతుందని. వీడియో ఆటల్లో స్త్రీ చిత్రణ మీద అభ్యంతరం ఈమధ్య కొత్తగా పుట్టిందని అనేవాళ్ళు ఈ 1982 నిరసనను గుర్తుపెట్టుకోవాలి. ఆట పుట్టిన పదేళ్ళకే అభ్యంతరమూ పుట్టింది.

ఇక చెరలో ఉన్న యువతి. 1981లో నింటెండో కంపెనీకి షిగెరు మియామొతో రూపొందించిన 'డాంకీ కాంగ్'తో ఆమె స్థిరపడింది. ముందు పొపాయ్ బొమ్మల కథ హక్కులు అడిగారు, దొరకలేదు. పొపాయ్ స్థానంలో వడ్రంగీ, విలన్ స్థానంలో గొరిల్లా, ఆలివ్ స్థానంలో ఒక యువతీ వచ్చారు. గొరిల్లా ఆమెను ఎత్తుకుపోయి ఇనుప దూలాల పైన నిలబెడుతుంది. ఆమె అక్కడినుంచి సహాయం కోసం అరుస్తుంది. మొదట ఆమెకు పేరు కూడా లేదు, 'లేడీ' అన్నారు. పాలీన్ అన్న పేరు తరువాత పెట్టారు. దారిలో ఆమె గొడుగూ, టోపీ, చేతిసంచీ పడి ఉంటాయి. ఏరుకుంటే మార్కులు. 1985లో 'సూపర్ మారియో బ్రదర్స్' వచ్చేసరికి యువతి రాకుమార్తె అయింది. కోట తరువాత కోట గెలుస్తూ పోవాలి. ఏడు కోటల్లో ఆమె లేదని తెలుస్తుంది. ఎనిమిదో కోటలో ఉంటుంది. ఆట మొత్తానికీ ఆమె చేసే పని దొరకటం ఒక్కటే.

ఎత్తుకుపోయిన స్త్రీ కథ మనకు మాత్రం కొత్తా అని ఎవరైనా అడగవచ్చు. మన పల్లెల్లో బుర్రకథగా, నాటకంగా తరాల తరబడి ఆడిన బాలనాగమ్మ కథ అదే గదా! మాయల ఫకీరు ఆమెను కుక్కను చేసి తీసుకుపోతాడు, కొడుకు బాలవర్ధిరాజు పెరిగి వెళ్ళి విడిపిస్తాడు. ఆ కథలో పాతివ్రత్యం వగైరా భూస్వామ్య విలువలు దండిగా ఉన్నాయి, కాదనలేం. అయితే ఒక్క తేడా గమనించండి. బాలనాగమ్మ అన్నేళ్ళూ ఊరికే కూచోలేదు. నోము పట్టానని చెప్పి ఫకీరును దగ్గరకు రానివ్వకుండా తెలివిగా నెట్టుకొచ్చింది. ఆమె గోడు వినటానికే జనం రాత్రంతా కూచునేవారు. పాత కథ స్త్రీని చెరలో పెట్టి ఆమె గురించి మాట్లాడింది. ఈ ఆట ఆమెను చెరలో పెట్టి మాట్లాడటం మానేసింది. ఆడుతున్న పిల్లవాడి చేతిలో మీట ఉంది. ఆ మీట రాకుమార్తెకు తగిలించి లేదు.

సరే, మొదటి పదేళ్ళలో ఇన్ని దారులు తెరిచి ఉంటే, తరువాత ఒకే దారి ఎందుకు మిగిలింది? ఇక్కడే 1983 సంక్షోభం గురించి చెప్పుకోవాలి. లాభాల కోసం పోటీపడి నాసిరకం ఆటలను గుట్టలుగా తయారుచేసి మార్కెట్టు మీద కుమ్మరించారు. కొనేవాళ్ళు లేక దుకాణాలు వెనక్కి పంపాయి. అమెరికాలో ఇళ్ళలో ఆడే వీడియో ఆటల వ్యాపారం సుమారు 300 కోట్ల డాలర్ల నుంచి 1985 నాటికి సుమారు 10 కోట్ల డాలర్లకు పడిపోయింది. అమ్ముడుపోని అటారి సరుకును 1983లో న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమొగోర్డో చెత్త గుంటలో పూడ్చారు. 2014లో తవ్వితే బయటపడింది. అతి ఉత్పత్తి సంక్షోభానికి ఇంతకంటే కళ్ళకు కట్టే ఉదాహరణ దొరకటం కష్టం.

'వీడియో ఆట' అన్న మాట వింటేనే దుకాణదారులు తలుపు మూసే స్థితిలో 1985 అక్టోబరులో నింటెండో న్యూయార్కులో తన యంత్రంతో దిగింది. పెట్టె పేరులో వీడియో ఆట అన్న మాట లేకుండా 'ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్' అని పెట్టింది. దాంతోపాటు ఒక చిన్న రోబో బొమ్మను జత చేసింది. ఇది వీడియో ఆట కాదు, ఆటబొమ్మ అని దుకాణదారును నమ్మించటానికి. నమ్మారు. ఆ పెట్టె ఆటబొమ్మల విభాగంలోకి వెళ్ళింది.

ఆటబొమ్మల విభాగంలో అరలు రెండు. ఆడపిల్లలది ఒకటి, మగపిల్లలది ఒకటి. ఆ విభజన కూడా అనాదిది కాదు. సమాజ శాస్త్రవేత్త ఎలిజబెత్ స్వీట్ సియర్స్ కంపెనీ పాత కేటలాగులు తిరగేసి, 1975 నాటి ప్రకటనల్లో దాదాపు 70 శాతం బొమ్మలకు ఆడ, మగ అన్న గుర్తే లేదని చూపింది. 1980లలో పరిస్థితి తిరగబడింది. 1984లో అమెరికా ప్రభుత్వం పిల్లల టీవీ కార్యక్రమాల మీదున్న ఆంక్షలు సడలించాక, బొమ్మలు అమ్మటానికే తయారైన కార్టూన్లు వెల్లువెత్తాయి. మగపిల్లలకు యోధుల కార్టూను, ఆడపిల్లలకు గుర్రప్పిల్లల కార్టూను. అన్న ఆడిన బొమ్మతో చెల్లెలు ఆడుకోగలిగితే ఒకటే అమ్ముడవుతుంది. ఆడుకోకూడదని ఇద్దరికీ నేర్పితే రెండు అమ్ముడవుతాయి. ఇంత చిన్న లెక్క!

వీడియో ఆట ఏదో ఒక అరలో ఉండాలి. మగపిల్లల అరలో పెట్టారు. 1989లో వచ్చిన చేతిలో పట్టే యంత్రానికి ఏకంగా 'గేమ్ బాయ్' అని పేరు. ఇది ఆటతో ఆగలేదు. అమెరికాలో కంప్యూటర్ శాస్త్రం పట్టభద్రుల్లో స్త్రీల వాటా 1984లో సుమారు 37 శాతానికి చేరి, అక్కడినుంచి దిగజారటం మొదలుపెట్టింది. 2010 వచ్చేసరికి 20 శాతం కూడా లేదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విద్యార్థులను పరిశీలించి జేన్ మార్గొలిస్, అలన్ ఫిషర్ 2002లో ప్రచురించిన పుస్తకంలో ఒక మాట తేల్చారు. ఇంట్లో కంప్యూటరు కొంటే అది చాలాసార్లు కొడుకు గదిలోకి వెళ్ళింది, కూతురు అక్కడికి వెళ్ళి చూసేది. ఆట తయారుచేసే తరం ఆ గదుల్లోంచే వచ్చింది. తాము పిల్లలుగా ఆడిన ఆటలనే పెద్దయ్యాక మళ్ళీ తయారుచేసింది.

1986లో వచ్చిన 'మెట్రాయిడ్' ఆ కాలపు మనస్తత్వానికి అద్దం. కవచం తొడుక్కున్న వీరుడు సామస్ ఆట మొత్తం పోరాడతాడు. ఆంగ్ల పుస్తకంలో కూడా పుంలింగమే వాడారు. చివర్లో కవచం తీస్తే స్త్రీ! ఇది మంచి మలుపే. కాని ఆటను ఎంత త్వరగా ముగిస్తే ఆమె ఒంటిమీద బట్టలు అంత తక్కువగా కనిపిస్తాయి. అంతసేపూ తానే ఆమెగా ఉండి పోరాడిన ఆటగాడికి, చివరి నిమిషంలో ఆమెనే బహుమతిగా ఇచ్చారు.

1996వ సంవత్సరం దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడాది రెండు సరుకులు వచ్చాయి. ఇంగ్లండులోని డార్బీలో కోర్ డిజైన్ తయారుచేసిన 'టూంబ్ రైడర్' ఒకటి. నాయిక లారా క్రాఫ్ట్. కొండలెక్కుతుంది, తుపాకులు పేలుస్తుంది, ఎవరి రక్షణా కోరదు. ఆట రాసిన వాళ్ళలో విక్కీ ఆర్నాల్డ్, హెదర్ గిబ్సన్ అనే ఇద్దరు స్త్రీలున్నారు. ఎందరో ఆడపిల్లలు లారాను ప్రేమించారు. ఆ ప్రేమను మనం కొట్టిపారెయ్యకూడదు. తొలిసారి మీట పట్టుకుంటే దూకింది ఒక స్త్రీ. కాని అమ్మకాల విభాగం ఆమెను వేరే సరుకుగా చూసింది. నిజమైన మోడళ్ళకు లారా వేషం వేసి ప్రదర్శనల్లో తిప్పింది, ప్రకటనల్లో ఆమె సాహసాన్ని వదిలి శరీరాన్ని పట్టుకుంది. బొమ్మకు రూపమిచ్చిన టోబీ గార్డ్ 1997లో కంపెనీ వదిలిపెట్టాడు. తన పాత్రను అమ్ముతున్న తీరు మీద తనకు అదుపు లేకపోవటం అందుకొక కారణం. ఇక్కడ మన సంప్రదాయవాదులతో మనకు పేచీ ఉంది. వాళ్ళకు లారా పొట్టి లాగు అభ్యంతరం. లాగు ఎంత పొడవుందన్నది మన ప్రశ్న కాదు. ఆ మనిషి కథలో ఉన్నది ఎవరికోసం, అంగట్లో ఉన్నది ఎవరికోసం అన్నది ప్రశ్న.

రెండోది మాటెల్ కంపెనీ 'బార్బీ ఫ్యాషన్ డిజైనర్'. రెండు నెలల్లో అయిదు లక్షలకు పైగా అమ్ముడైంది. ఆడపిల్లలు ఆటలు కొనరన్న వాదం ఒక్క దెబ్బతో కూలిపోవలసింది. కూలలేదు. వ్యాపారులు తీసుకున్న పాఠం వేరు: ఆడపిల్లలకు బట్టల ఆటలు కావాలి. మగపిల్లల అర అలాగే ఉంచి పక్కన గులాబి అర కట్టారు. పదిహేనేళ్ళ కిందట కేరల్ షా విన్న మాటే ఇప్పుడు వ్యాపార సూత్రమైంది. 2005లో నింటెండో ఎట్టకేలకు ఆ చెరలోని రాకుమార్తెకు సొంత ఆట ఇచ్చింది. అందులో ఆమె ఆయుధాలు ఆమె మనోభావాలు. ఏడిస్తే కన్నీళ్ళు వరదై పారతాయి, కోపమొస్తే ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళు చెరలో ఉన్న మనిషికి ఇచ్చిన కత్తి ఏడుపు!

ఆ తరువాతి చరిత్ర మనకు కొంత తెలిసిందే. 2012లో అనీటా సార్కీసియన్ వీడియో ఆటల్లో స్త్రీ మూసల గురించి విమర్శ చిత్రాలు తియ్యబోతున్నానని ప్రకటించి చందాలు కోరింది. సినిమాలకూ నవలలకూ మనం ఎప్పటినుంచో చేస్తున్న పనే ఆమె ఆటలకు చేసింది. బెదిరింపులు కుప్పలుగా వచ్చాయి. 2014 అక్టోబరులో యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఆమె ఉపన్యాసం జరిగితే సామూహిక హత్యలు జరుగుతాయని ఒక లేఖ వచ్చింది. 1989లో మాంట్రియల్ ఇంజనీరింగు కళాశాలలో 14 మంది స్త్రీలను కాల్చి చంపిన హంతకుడి పేరు అందులో ఆదర్శంగా ఉంది. ఆ రాష్ట్ర చట్టం ప్రకారం లైసెన్సున్నవాళ్ళను తుపాకీతో సభలోకి రాకుండా ఆపలేమని చెప్పారు. ఉపన్యాసం రద్దయింది. ఆట ఆటే కదా అనే పెద్దమనుషులు ఆ లేఖకు ఏం జవాబు చెబుతారో వినాలనుంది. ముప్పై ఏళ్ళు ఈ అర నీదే అని చెప్పి పెంచిన పిల్లవాడు, అందులోకి ఇంకొకరు చెయ్యి పెడితే తన ఆస్తి పోయినట్టు చూశాడు.

కంపెనీలు మాత్రం లెక్కల భాషలోనే మాట్లాడాయి. అదే 2014లో ఫ్రాన్సుకు చెందిన యూబీసాఫ్ట్, తమ 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ'లో కలిసి ఆడేందుకు స్త్రీ పాత్ర పెడితే కదలికల పని రెట్టింపవుతుందని కారణం చెప్పింది. అదే వరస ఆటల్లో అంతకుముందు పనిచేసిన చిత్రకారుడొకాయన అది ఒకటి రెండు రోజుల పని అన్నాడు. 2018లో గ్రీకు కథతో వచ్చిన ఆటను కసాండ్రా అనే నాయికతోనే తియ్యాలని తయారుచేసేవాళ్ళు అనుకుంటే, స్త్రీ ఒక్కతే ఉంటే అమ్ముడుపోదని పైవాళ్ళు అడ్డుకున్నారని 2020లో బ్లూంబర్గ్ వార్తా సంస్థ రాసింది. ఒక మగ పాత్రను కూడా చేర్చారు. ఆ పైవాళ్ళ మీద కార్యాలయంలో వేధింపుల ఆరోపణలు అదే ఏడాది బయటికొచ్చాయి. 2025 జూలైలో ఫ్రాన్సులో బొబిన్యీ కోర్టు ఆ కంపెనీ మాజీ అధికారులు ముగ్గురిని దోషులుగా తేల్చి, అమలు నిలిపివేసిన జైలు శిక్షలు విధించింది. అమెరికాలో రయట్ గేమ్స్ అనే కంపెనీ లింగ వివక్ష దావాలో మహిళా ఉద్యోగులతో 2021లో 10 కోట్ల డాలర్లకు రాజీపడింది. తెర మీది స్త్రీనీ, తెర వెనక పనిచేసే స్త్రీనీ విడదీసి చూడటం ఎంత కష్టమో ఈ కేసులు చూస్తే అర్థమవుతుంది. అమెరికాలో ఇప్పుడు ఆడేవాళ్ళలో దాదాపు సగం మంది ఆడవాళ్ళని పరిశ్రమ సంఘమే లెక్క చెబుతోంది.

మన దగ్గరికి ఈ ఆటలు తయారై వచ్చాయి, అరలతో సహా. 1990లలో మన పట్టణాల్లో గంటకింత అని డబ్బు తీసుకుని మారియో, కాంట్రా ఆడించిన గదులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. నకలు యంత్రాలు, నకలు కార్ట్రిడ్జిలు. అక్కడ ఆడపిల్లను చూసిన జ్ఞాపకం ఈ వ్యాసకర్తకు లేదు. ఏ అమెరికా వ్యాపారీ వచ్చి వాళ్ళను ఆపలేదు. సాయంత్రం ఆరు తరువాత బజారులో ఆడపిల్లకేం పని అన్న మన ఇంటి కట్టుబాటు ఆ పని చేసిపెట్టింది. తరువాత ఆట ఫోనులోకి వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. ఇంటర్నెట్టు ఎప్పుడైనా వాడినవాళ్ళు పురుషుల్లో 57 శాతం, స్త్రీలలో 33 శాతం.

ఇదే సమయంలో పూనాలో నాడింగ్ హెడ్స్ అనే చిన్న సంస్థ 'రాజి' అనే ఆట తయారుచేస్తూ ఉంది. రాజి సర్కసులో పనిచేసే అమ్మాయి. రాక్షసులు ఆమె తమ్ముడు గోలును ఎత్తుకుపోతారు. వాణ్ణి వెతుక్కుంటూ కోటల మీదుగా, ఎడారుల మీదుగా ఆమె వెళుతుంది. దుర్గ, విష్ణువుల కథనంతో నడిచే ఆ ఆటలో పురాణాల బరువు ఎక్కువే, దాని సంగతి వేరే చర్చించాలి. ఆట కోసం 2017లో జనం నుంచి పెట్టుబడి సేకరించబోతే సరిపడా రాలేదు. 2020లో ఎట్లాగో విడుదల చేశారు. మీట నొక్కితే పరిగెత్తేది అక్క. చెరలో ఉన్నది తమ్ముడు.